నాలుగువేల నూటపదహారో పాట

గానపేటికతో మీ అనుభవాలు తెలియజేయండి అని రాష్ట్ర భజన ప్రమాణీకరణ మండలి వారు ఒక ఫారం పంపించారు. అందులో మూడు గడులున్నాయి. మొదటిది సంతోషం. రెండోది మహా సంతోషం. మూడోది చెప్పనలవి కాని సంతోషం. వీటిలో ఏదో ఒకదాంట్లో టిక్కు పెట్టాలి. కింద 'ఇతర వివరములు' అని ఒక గీత గీశారు. అది నా బొటనవేలంత ఉంది. మా అనుభవం అందులో పట్టదు. అందుకని టిక్కు పెట్టే ముందు విడిగా ఈ కాగితాల మీద రాసుకుంటున్నాను. నేను పదో తరగతి వరకే చదివినవాణ్ణి. గవరమెట్ట సాలెవీధిలో పిండిమర నడుపుకుంటున్నాను. మా వీధి రామభజన సమాజానికి పదకొండేళ్ళుగా కార్యదర్శిని. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

మా సమాజంలో పద్దెనిమిది మందిమి ఉన్నాం. ప్రతి శనివారం సాయంత్రం నాలుగింటికి రామమందిరంలో చాపలు పరుచుకుని కూర్చుంటాం. వినాయకుడి పాటతో మొదలుపెట్టి మంగళహారతితో ముగిస్తాం. మధ్యలో ఎవరికి వచ్చిన పాట వాళ్ళు పాడతారు. రాని పాట కూడా పాడతారు. రాముడు ఇంతవరకు ఎవరినీ ఏమీ అనలేదు. మంగళం అయిందంటే మాత్రం ఇక పాట లేదు. హారతి కళ్ళకద్దుకుని, ప్రసాదం తిని, చెప్పులు వెతుక్కుని ఇళ్ళకు పోవడమే. మంగళం పాడాక మళ్ళీ గొంతెత్తకూడదని మా తాతలనాటి కట్టుబాటు. ఒకసారి మంగళం అయిపోయాక తాసీల్దారు గారు వచ్చి, ఒక్క పాట వినిపించండయ్యా అంటే, ఆయనకు రెండు దొప్పల పులిహోర పెట్టి పంపించాం గాని పాట మాత్రం పాడలేదు.

ఆ మంగళహారతి పాడేది మా మేనత్త పేరిందేవమ్మ. ఆవిడకు డెబ్బైనాలుగేళ్ళు. పెళ్ళైన కొత్తలో తుపానొచ్చి మా మామయ్య గల్లంతై, మూడో రోజు తాటిదుంగ పట్టుకుని ఇంటికి వచ్చాడు. అప్పుడు మొక్కుకుంది. శనివారం పొద్దుట్నుంచి మంచినీళ్ళు తప్ప ముట్టదు. సాయంత్రం మందిరంలో రాముడి ముందు మంగళం అయ్యాకే విస్తరి ముందు కూర్చుంటుంది. మామయ్య పోయి పదేళ్ళయింది. మొక్కు పోలేదు.

ఇలా ఉండగా మండలి అధ్యక్షులవారు ఒకనాడు రైల్లో ప్రయాణం చేశారట. ఎదురు బెర్తు మనిషి చెవుల్లో తీగలు పెట్టుకుని, కళ్ళు మూసుకుని తల ఊపుతున్నాడట. ఏమిటి నాయనా అది అని అడిగితే, సబ్బుపెట్టెంత యంత్రం తీసి చూపించి, ఇందులో నాలుగువేల పాటలున్నాయండి అన్నాడట. అధ్యక్షులవారికి ఆ రాత్రంతా నిద్ర పట్టలేదట. జేబులో నాలుగువేల పాటలు పట్టే కాలంలో పద్దెనిమిది మంది కలిసి ముప్ఫై పాటలు పాడడం జాతికే తలవంపులని ఆయనకు తోచిందట. నెల తిరక్కుండా మాకు ఉత్తర్వు వచ్చింది.

"ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, రాష్ట్రమందలి భజన సమాజములయందు శ్రుతిభేదము, లయభేదము మరియు కంఠభేదము మితిమీరినట్లు గమనించబడినది. ఏకరూప భజన సాధించు నిమిత్తము ప్రతి గుర్తింపు పొందిన సమాజమునకు ఒక సంచార గానపేటిక అందజేయబడును."

మా గంగరాజు ఇది విని, "కంఠభేదం అంటే ఏంటన్నా?" అని అడిగాడు. గంగరాజు మా వీధి దర్జీ, భజనలో డోలక్ వాయిస్తాడు.

"ఒక్కొక్కడికి ఒక్కో గొంతు ఉండడం అనుకుంటాను" అన్నాను.

"అది మన తప్పా?"

ఉత్తర్వు మడిచి జేబులో పెట్టుకున్నాను.

పేటికను తెచ్చి ఇచ్చినవారు భజన పర్యవేక్షణాధికారి ధనుంజయరావు గారు. నలగని చొక్కా, మెళ్ళో గుర్తింపు కార్డు, చంకలో లావుపాటి ఫైలు. పేటికను రెండు చేతులా పట్టుకుని రాముడి పటం ముందు పెట్టి, "ఈ క్షణము నుండి గవరమెట్ట భక్తి ఒక నూతన దశలో ప్రవేశించినది. ఇందు నాలుగువేల నూటపదహారు గీతములు కలవు. నూటపదహారు శుభసంఖ్య అగుటచే అధ్యక్షులవారే స్వయముగా నిర్ణయించిరి" అన్నారు. మేమంతా చప్పట్లు కొట్టాం.

ఆ తర్వాత ఆయన సంతకాలకు కాగితాలు తీస్తుండగా మావాళ్ళు చెయ్యవలసింది చేశారు. కొత్త వస్తువు వస్తే బొట్టు పెట్టకుండా వాడే అలవాటు మా వీధిలో లేదు. నేనైనా మరకు కొత్త బెల్టు వేస్తే పసుపు కుంకం పెట్టకుండా తిప్పను. గంగరాజు పేటికను చూసి, దానికి పైభాగాన అద్దంకిటికీ ఉంది గనక అదే నొసలని తేల్చి, నిండుగా గంధం పట్టించి మధ్యలో కుంకుమబొట్టు పెట్టాడు. మా అత్త నాలుగు అక్షింతలు వేసింది.

ధనుంజయరావు గారు తలెత్తి చూసి కేకేశారు. "ఏమిటిది! ఇది ఎలక్ట్రానిక్ పరికరము!"

"అయితే ఏం నాయనా, బస్సుకు పెట్టడం లేదూ?" అంది అత్త.

"ఏ పాట వచ్చుచున్నదో ఆ కిటికీలో కనపడవలెనమ్మా! తుడవండి!"

ఎవరూ కదల్లేదు. పెట్టిన బొట్టు తుడవడమా? శుభమా అంటూ ఇంటికి వచ్చిన దానికి? ధనుంజయరావు గారు తనే తుడవబోయి, రాముడి వంక చూసి, మా అత్త వంక చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "సరే, దానంతట అది రాలునప్పుడు రాలును" అని ఫైలులో రాసుకున్నారు. నాణ్యమైన గంధం. ఈనాటికీ రాలలేదు.

తర్వాత నిబంధనలు చదివి వినిపించారు. పేటిక లోపల ఒక పళ్ళెం లాంటిది గిర్రున తిరుగుతూ ఉంటుందట. పాటలన్నీ దాని మీదే ఉంటాయట. తిరుగుతుండగా కుదుపు తగిలితే అన్నీ ఒక్కసారి పోతాయట. ఇది నాకు బాగా అర్థమైంది. మా మరలో రాయీ అంతే. తిరిగేదాన్ని తట్టకూడదు. అందుచేత పేటికకు పది అడుగుల లోపల తాళాలు, డోలక్, చప్పట్లు నిషిద్ధం. మా మందిరం వెడల్పు పన్నెండు అడుగులు. పేటికను బూరుగుదూది దిండు మీద ఉంచాలి. ఒకసారి ఉంచాక కదపరాదు.

"అయ్యా, సంచార గానపేటిక అని రాశారు కదండీ" అని అడిగాను నేను.

"సంచారమునకు అవకాశము గల పేటిక అని భావము" అన్నారు ధనుంజయరావు గారు. "అవకాశము వేరు. అనుమతి వేరు."

చివరి నిబంధన ఆయన లేచి నిలబడి చదివారు. పేటిక ఉన్న ప్రాంగణంలో భజన వేళ మానవ కంఠంతో పాట వినిపిస్తే సమాజం గుర్తింపు రద్దవుతుంది. మందిరం మండలి స్వాధీనమవుతుంది.

మా అత్త నా చొక్కా లాగింది. "ఒరే పాపయ్యా, మానవ కంఠం అంటే మనదేనా?"

"మనదే అత్తా."

"మరి దాన్లో పాడేవాళ్ళు మానవులు కారూ?"

ఈ ప్రశ్న నేను పర్యవేక్షణాధికారి గారికి చేరవేశాను. పరిశీలిస్తామన్నారు.

మొదటి శనివారం వచ్చింది. మీట నొక్కాం. పేటిక కిక్కురుమనలేదు. దానికి బయటికి పాడే స్పీకరు లేదని, చెవిలో పెట్టుకునే తీగలే ఉన్నాయని అప్పుడు తెలిసింది. ఆ తీగకు రెండు కొసలు. మేము పద్దెనిమిది మందిమి. ధనుంజయరావు గారికి ఫోను చేస్తే, "చెవి వంతుల పట్టిక తయారు చేయుడు" అన్నారు. చేశాను. ఒక పాటకు ఇద్దరు. మిగతా పదహారు మంది వాళ్ళ మొహాలు చూస్తూ భక్తిగా కూర్చోవాలి.

ఆ తీగ కొసల మధ్య జానెడే ఎడం. వినే ఇద్దరూ చెంపకు చెంప ఆనించి కూర్చోవాలి. పరాయి ఆడా మగా అలా కూర్చోవడం బాగుండదని భార్యాభర్తలను జతలు వేశాను. గంగరాజు, వాళ్ళావిడ ఆరేళ్ళుగా మాట్లాడుకోవడం లేదు. వాళ్ళ వంతు వచ్చినప్పుడు ఒక్క నిమిషం బిగుసుకుని కూర్చున్నారు. తర్వాత ఆవిడ, "తల అటు తిప్పు, చుట్ట కంపు" అంది. గంగరాజు, "నీ కొప్పు ఇటు గుచ్చుకుంటోంది" అన్నాడు. పాట అయ్యేదాకా గుసగుసగా పోట్లాడుకుంటూనే ఉన్నారు. వంతు అయ్యాక బయటికి వెళ్ళి అరుగు మీద కొనసాగించారు. పేటిక వల్ల మా వీధికి జరిగిన మేలు ఇదొక్కటీ ఒప్పుకోవాలి.

అత్తది, నాది మూడో వంతు. నా చెవికి మృదంగమే వినిపిస్తోంది. పాట రెండో కొసకు వెళ్ళింది కాబోలు. నేను మనసులో తాళం లెక్కపెట్టుకుంటుండగా అత్త ఉలిక్కిపడి, చెవిలో తీగ పీకి లేచి నిలబడింది. "మంగళంరా!" అంది.

గడియారం చూశాను. నాలుగు గంటల ముప్ఫైరెండు నిమిషాలు. అయినా మంగళం మంగళమే. కర్పూరం వెలిగించాం. హారతి తీసుకున్నాం. గుగ్గిళ్ళు పంచాం. చెప్పులు వెతుక్కుంటుండగా తర్వాతి వంతు వాళ్ళు తీగలు పెట్టుకుని, "అన్నయ్యా, ఇది ఇంకా పాడుతోంది" అన్నారు.

మంగళం తర్వాత పాటా! అందరం చెంపలు వేసుకున్నాం. దోషం పోవాలంటే మళ్ళీ వినాయకుడి దగ్గర మొదలుపెట్టాలి. కాని ఈ పేటిక ఏ పాట తర్వాత ఏది పాడాలో తన చిత్తం వచ్చినట్టు తీసుకుంటుంది. మంగళహారతులు కూడా అందులో బోలెడన్ని ఉన్నాయి. ఆరింటిలోగా నాలుగు మంగళాలు అయ్యాయి. మొదటి దానికి గుగ్గిళ్ళు, రెండోదానికి అరటిపళ్ళు, మూడోదానికి పటికబెల్లం పలుకులు. నాలుగో దానికి తులసాకు.

మంగళాలు ఎక్కువైనవి, ప్రసాదములు చాలుట లేదు అని మండలికి విన్నపం రాశాను. అది నేను చేసిన తప్పు. మూడు వారాలకు జవాబు వచ్చింది.

"తమ విన్నపము సానుభూతితో పరిశీలించబడినది. మంగళము చివరనే ఉండవలెనన్న తమ అభిప్రాయముతో మండలి ఏకీభవించుచున్నది. కావున ఇకమీదట గీతములు ఒకటవ సంఖ్య నుండి వరుసగా వినబడునట్లు పేటికలు సవరించబడును. నాలుగువేల నూటపదహారవ గీతము మాత్రమే అధికార మంగళముగా గుర్తించబడును. నడుమ ఏ గీతమును దాటవేయరాదు."

నేను మరలో తూకాలు వేసేవాణ్ణి గనక లెక్క కట్టి చూశాను. పాటకు నాలుగు నిమిషాల చొప్పున వేసుకున్నా, తెరిపి లేకుండా వింటే మంగళం రావడానికి పదకొండు రోజుల పది గంటలు. అలా కాక మామూలుగా శనివారం రెండేసి గంటలు వింటే నూట ముప్ఫైఎనిమిదో శనివారం. అంటే మా అత్త రెండేళ్ళ ఏడు నెలలు దాటాక భోజనం చేస్తుంది.

ధనుంజయరావు గారి ఆఫీసుకు పరిగెత్తాను. ఆయన నా లెక్క చూసి, తనూ వేసి, సరిపోయిందని నన్ను మెచ్చుకున్నారు.

"కాని ఉపవాసము మా పరిధిలోనిది కాదు పాపయ్యగారూ. అది ఆరోగ్యశాఖ."

"ఆవిడకు డెబ్బైనాలుగేళ్ళండి. ఆవిడ ఒక్కపాట పాడుకుని అన్నం తింటుంది. ఒక్కపాటకు అనుమతి ఇప్పించండి."

"మానవ కంఠమునకు అనుమతి ఇచ్చు అధికారము నాకు లేదు." ఆయన సొరుగులోంచి ఒక ఫారం తీశారు. "ఒక మార్గము కలదు. తాత్కాలిక మంగళము. వైద్యుని ధ్రువపత్రము జత చేసిన యెడల, అర్హురాలైన భక్తురాలు ఏదేని ఒక గీతమును మంగళముగా భావించుకొనవచ్చును. అది భజనకు ముగింపు కాదు. ఆమె భోజనమునకు మాత్రమే వర్తించును."

ఫారం తెచ్చి అత్త ముందు పెట్టాను. మొత్తం విని, "తాత్కాలిక మంగళం ఏమిట్రా, తాత్కాలిక తాళి లాగా!" అంది.

"పోనీ వీధిలో నిలబడి పాడుకుని తిను అత్తా."

"మొక్కింది రాముడికి. వీధికి కాదు."

"పోనీ మందిరంలోనే కూర్చుని మనసులో పాడుకో."

"సరే, అన్నం కూడా మనసులోనే తింటాను. నీ పెళ్ళాంతో చెప్పు, మనసులో వండమను."

శనివారం తెల్లవారుజామునే స్నానం చేసి, రాముడి ముందు నిలబడ్డాను. స్వామీ, నీ నిబంధనలు నాకు తెలుసు, మండలి వారి నిబంధనలూ ఇప్పుడు తెలిశాయి, రెండూ పాటించే దారి నీకేమైనా తెలుసా అని అడిగాను. రాముడు ఎప్పటిలాగే నిబ్బరంగా ఉన్నాడు. గంగరాజు మాత్రం, "పోతే పోయింది మందిరం, అత్త చేత పాడించేద్దాం" అన్నాడు. అత్త ఒప్పుకోలేదు. "మా ఆయన మోసిన ఇటికలున్నాయి ఆ గోడలో. నా కూటి కోసం దాన్ని పరాయి పాలు చేస్తానా?" అంది.

కొత్త వరుసలో మొదటి భజన గనక దాన్ని స్వయంగా తనిఖీ చెయ్యడానికి ధనుంజయరావు గారు సరిగ్గా నాలుగింటికి వచ్చారు. అంతకుముందే వేరే ఊళ్ళో రెండు మందిరాలు తనిఖీ చేసి, మధ్యాహ్నం భోజనానికి తీరిక లేక నేరుగా వచ్చానన్నారు. పాటల పట్టీ ఒడిలో పెట్టుకుని, తీగ ఒక కొస తన చెవిలో పెట్టుకుని, రెండోది పక్కనే ఉన్న గంగరాజుకు ఇచ్చి కూర్చున్నారు. పాట అయినప్పుడల్లా పట్టీలో ఒక టిక్కు. ఆయనకు ఎదురుగా మా అత్త. ఇద్దరి మధ్య, అరటాకు మూసిన ప్రసాదాల గంగాళం.

ఆ ప్రసాదం గురించి కూడా చెప్పాలి. తనిఖీ అని మా ఆవిడ ప్రత్యేకంగా చేసింది. నేతిలో ఈదుతున్న చక్కెరపొంగలి, ఇంగువ తిరగమోత వేసిన పులిహోర, మినపగారెలు. అరటాకు చూపును ఆపుతుంది గాని వాసనను ఆపదు.

అయిదింటికి ధనుంజయరావు గారు పట్టీ మూసి, "చాలా తృప్తికరముగా ఉన్నది. నేను సెలవు తీసుకొందును" అని లేవబోయారు.

నేను ఉత్తర్వు తీశాను. నాకు కాగితాలు దాచుకునే అలవాటుంది. "అయ్యా, పద్నాలుగో నిబంధనండి. 'తనిఖీ ప్రారంభించిన అధికారి మంగళము విని, ముగింపు వేళ నమోదు చేయువరకు ఆసనము విడువరాదు' అని ఉందండి."

ఆయన తీసుకుని చదివారు. మళ్ళీ చదివారు. "ఈ నిబంధన వ్రాసినది ఎవరు?" అన్నారు.

"కింద సంతకం మీదేనండి."

అధికారులు ఇళ్ళల్లో కూర్చుని తనిఖీలు రాసేస్తున్నారని, దాన్ని అరికట్టడానికి ఆయనే పట్టుబట్టి పెట్టించారట. ఆయన మెల్లిగా కూర్చున్నారు.

అత్త అడిగింది. "ఇప్పుడు ఎన్నో పాట నాయనా?"

"పదహారవది."

"మంగళం ఎన్నోది?"

"నాలుగువేల నూటపదహారవది."

"అయితే సర్దుకు కూర్చో. గోడకు ఆనుకో, నడుం నొప్పెడుతుంది."

ఆరున్నర అయింది. దీపాలు వెలిగించాం. ధనుంజయరావు గారు కళ్ళు మూసుకుని తల ఊపుతూ మధ్యమధ్య టిక్కు పెడుతున్నారు. టిక్కు పెట్టినప్పుడల్లా ఒక కన్ను తెరిచి గంగాళం వంక చూస్తున్నారు. గంగరాజు, "సారూ, ఒక్క గారె..." అన్నాడు.

"మంగళము కాకుండా ప్రసాదమా! అపచారము" అన్నారాయన. గొంతు పీలగా వచ్చింది.

ఏడయింది. అత్త తల ఒకసారి పక్కకు వాలింది. మా ఆవిడ నీళ్ళు పట్టింది. అత్త రెండు గుక్కలు తాగి మళ్ళీ నిటారుగా కూర్చుంది. నేనే నోరు తెరిచి పాడేస్తాను, మందిరం పోయినా సరే అనుకున్నాను. అత్త అది కనిపెట్టింది కాబోలు, నావైపు ఒక్క చూపు చూసింది. మూసుకున్నాను.

ఆవిడ ధనుంజయరావు గారి వైపు తిరిగింది. "నాయనా, మీ అమ్మ ఉందా?"

"లేదమ్మా. కాలము చేసి ఆరేళ్ళు."

"శనివారాలు చేసేదా?"

"చేసేది." ఆయన కళ్ళు తెరవలేదు. ఆఫీసు భాష ఎప్పుడు జారిపోయిందో ఆయనే గమనించలేదు. "మా ఊళ్ళో కూడా మందిరం ఉందండి. అమ్మ హారతి పట్టేది. నేను గంట కొట్టేవాణ్ణి. అమ్మ ఎంతసేపటికీ మంగళం ఎత్తుకునేది కాదు. నాకేమో ఆకలి. ఆఖరికి నేనే మొదలెట్టేసేవాణ్ణి. అమ్మ నవ్వేసి అందుకునేది."

"ఎలా మొదలెట్టేవాడివి?"

ఆయన మొదలెట్టేశారు.

నిజం చెప్పాలి. రాముడి ఎదుట రాస్తున్నాను. అంత శ్రుతి తప్పిన పాట మా మందిరంలోనే ఎన్నడూ వినలేదు. మొదటి చరణం ఒక శ్రుతి, రెండోది ఇంకో శ్రుతి, మూడో దానికి అసలు శ్రుతే లేదు. కాని మంగళం. కళ్ళు మూసుకుని, తల వెనక్కి వాల్చి, గోడలదిరేలా పాడారు. అత్త లేచి హారతి పళ్ళెం అందుకుంది. గంగరాజు నెల రోజుల నుంచి మూలనున్న డోలక్ లాక్కున్నాడు. పద్దెనిమిది మందిమీ చప్పట్లు చరిచాం. దిండు మీద పేటిక గంతులేసింది.

పాట ఆగింది. గంట ఆగింది. ధనుంజయరావు గారు కళ్ళు తెరిచారు. అందరం ఆయన్నే చూస్తున్నాం. మానవ కంఠం వినిపించింది. ఆయనదే. మందిరం ఇప్పుడు మండలి స్వాధీనం కావాలి, ఆ కాగితం రాయవలసిందీ ఆయనే.

ఆయన గొంతు సవరించుకున్నారు. ఆఫీసు భాష తిరిగి వచ్చింది.

"నేను పాడలేదు" అన్నారు.

"చిత్తం" అన్నాను.

"నా చెవిలో పేటిక తీగ ఉన్నది. ఉన్నదా, లేదా?"

"ఉందండి."

"పేటిక ధ్వని చెవి ద్వారా ప్రవేశించి నోటి ద్వారా వెలువడినది. పేటికకు స్పీకరు లేదని తమరు ఫిర్యాదు చేసియున్నారు కదా. ఆ లోపము ప్రస్తుతము తీరినది. నేను స్పీకరును."

"మరి మిగిలిన పాటలండీ?"

ఆయన అత్త వంక చూశారు. అత్త, "మంగళం అయ్యాక మళ్ళీ పాట లేదు నాయనా" అంది.

"స్థానిక సంప్రదాయము దృష్ట్యా" అంటూ ఆయన రాసుకున్నారు, "నలభైఎనిమిదవ గీతము మొదలు నాలుగువేల నూటపదిహేనవ గీతము వరకు వినబడినట్లుగా భావించడమైనది. ముగింపు వేళ ఏడు గంటల పది నిమిషములు." సంతకం పెట్టి, కలం మూసి, గంగాళం వైపు తిరిగారు.

అత్త తన చేత్తో ఆయనకు ముందు వడ్డించింది. "శ్రుతి లేదు గాని భక్తి ఉందయ్యా నీ స్పీకరులో" అంది. తర్వాత తను విస్తరి ముందు కూర్చుంది. ఆవిడ మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేదాకా నేను నీళ్ళ చెంబుతో పక్కనే నిలబడ్డాను. ధనుంజయరావు గారు తొమ్మిది గారెలు తిన్నారు. పదోది దారిలోకి పొట్లం కట్టించుకున్నారు.

ఆయన వెళ్ళాక పేటికను సర్దబోయి దాని మీద చెయ్యి వేశాను. నేను మరవాణ్ణి. తిరిగేది తిరుగుతోందో లేదో చెయ్యి వేస్తే తెలిసిపోతుంది. అది తిరగడం లేదు. చల్లగా ఉంది. గంధం వెనక కిటికీ వెలుగుతోందో లేదో ఎవరికీ కనపడదు కదా.

"గంగరాజూ, ఇది ఎప్పుడాగింది?"

"ముప్ఫయ్యో పాట దగ్గరే ఆగిపోయిందన్నా."

"మరి చెప్పవేం?"

"సారు తల ఊపుతున్నారు కదా. నా చెవే పోయిందేమో అనుకుని ఊరుకున్నాను."

పట్టీ తీసి చూశాను. ముప్ఫై నుంచి నలభైఏడు దాకా అన్నిటికీ టిక్కులున్నాయి.

తర్వాత నెలకు కొత్త ఉత్తర్వు వచ్చింది. గవరమెట్టలో కనుగొనబడిన పద్ధతి మిక్కిలి ఫలవంతమైనందున, రాష్ట్రమంతటా సమాజ సభ్యులను 'మానవ స్పీకర్లు'గా నమోదు చెయ్యాలట. ప్రతి స్పీకరు చెవిలో విధిగా తీగ ఉండాలట. మాకు పద్దెనిమిది తీగలు పంపారు. పేటికకు కన్నం ఒక్కటే. మిగతా తీగల్లో పేటికకు గుచ్చే కొస ఎక్కడుండాలో ఉత్తర్వులో లేదు. మగవాళ్ళం బొడ్లో దోపుకుంటాం. ఆడవాళ్ళు కొంగున ముడేసుకుంటారు. తాళాలు, డోలక్ ఇప్పుడు స్పీకరు ఉపకరణాల పద్దు కింద చేరాయి. శనివారం నాలుగింటికి చాపలు పరుచుకుని, తీగలు పెట్టుకుని, వినాయకుడి పాట ఎత్తుకుంటాం. ఎవరికి వచ్చింది వాళ్ళు పాడతారు. రానిది కూడా పాడతారు. ఆరింటికి మా అత్త ఎడమచెవిలో తీగ సర్దుకుని మంగళం పాడి, ఇంటికి వచ్చి అన్నం తింటుంది. వీలైన శనివారాల్లో ధనుంజయరావు గారు తనిఖీకి వస్తారు. వెనక వరసలో కూర్చుని గంట కొడతారు.

ఒక్క సందేహం మాత్రం నాకు మిగిలిపోయింది. ముప్ఫయ్యో పాట తర్వాత ఆయన ఏం విని తల ఊపారు? అబద్ధపు టిక్కులు పెట్టే మనిషి కాదు. అత్తనడిగితే, "పొద్దస్తమానం మర హోరులో ఉండేవాడివి, నీకెక్కడ వినపడుతుందిరా" అంది.

ఫారం నింపేశాను. మూడో గడిలో టిక్కు పెట్టాను. కింద గీత మీద, పట్టినంత మేరకు, ఇలా రాశాను: పేటిక దిండు మీద క్షేమం. మేము పాడుకుంటున్నాం.